ఇప్పపువ్వు ఏరే తొవ్వల పిల్లల ఎలుగొడ్డు తిరుగుతున్నది, ఏం చెయ్యాలె?

గుట్టకిందిఊరు
మాది భూపాలపల్లి జిల్లా రేగొండ దిక్కు, గుట్టలను ఆనుకొని ఉన్న ఊరు. పదిహేను రోజుల సంది ఒక ఎలుగొడ్డు రెండు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని ఒర్రె పొంటి తిరుగుతున్నది. ఇప్పపువ్వు రాలుడు మొదలైంది. ఆడోళ్లు తెల్లారగట్ల నాలుగున్నరకే బుట్టలు పట్టుకొని అటే పోతున్నరు. దీని ఎనుక తునికాకు, అదే బీడీ ఆకు, తెంపుడు ఉంటది. ఊళ్లె ముగ్గురు మూడు తీర్ల అంటున్నరు. పటాకులు కాల్చి గెదుమాలె అని ఒకలు, ఇప్పచెట్ల చుట్టు కరెంటు తీగ గుంజుదాం అని ఒకలు, ఫారెస్టోళ్లను పిలిచి బోనుల పట్టియ్యాలె అని ఒకలు. ఏది పనికొస్తది? ఎదురుంగ వస్తే మనిషి ఏం చెయ్యాలె? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

కరెంటు_మేస్త్రి
తీగ మాట ఎత్తినాయనను ఇయ్యాలనే ఆపుండ్రి. ఎందుకో రాత్రికి కూసొని రాస్త.

తాడ్వాయి_తొవ్వ
పిల్లలు వీపు మీద ఉన్నయంటే లెక్క ఇది. చలికాలంల, డిసెంబరు జనవరిల ఈనుతది. రెండు మూడు నెలలు గుండ్ల సందులనే దాచి, ఎండలు ముదిరేటాలకు బయటికి తెస్తది. ఆరు నెలలు దాటేదాంక పిల్లలు వీపు దిగయి. రెండేండ్ల దాంక తల్లి ఎంబడే తిరుగుతయి. అంటే ఈ ఇప్పపువ్వు, తునికాకు రెండూ అయిపోయేదాంక ఆ తల్లి అక్కడనే ఉంటదని ఖాయం చేసుకోండి.

ఎలుగొడ్డు మనిషిని తిననీకి రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. ఎండకాలం ఇప్పపువ్వు, తునికి పండ్లు, రేల కాయలు, వాన పడంగనే నేరేడు, చలికి రేగు. చూపు మందం, ముక్కు మాత్రం చాల గట్టిది. చెదపుట్టల మూతి పెట్టి పీల్చేటప్పుడు ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి ఇనవడుతది. ఆ చప్పుడుల మన అడుగు దానికి ఇనవడదు. మనిషి పది గజాలకు వచ్చినంక తలెత్తి చూస్తది. పులితోని కలిసి బతికిన జంతువు, ఉరికి తప్పించుకునుడు దాని గుణం కాదు. నిలవడి మీద పడుతది. మనుషులకు అయ్యే దెబ్బలల్ల ఎక్కువ శాతం ఇట్ల దగ్గరికి పోయి తలిగినయే.

అందుకని మనం వస్తున్నమన్న సంగతి దానికి యాభై అరవై గజాల ముందుగాలనే తెల్వాలె. నలుగురైదుగురు కలిసి పోవాలె, గట్టిగ మాట్లాడుకుంట పోవాలె. ముందు నడిచేటామె చేతి కట్టెకు బర్రె మెడ గంట కట్టుండ్రి. చెట్టు ముప్పై గజాలు ఉందనంగ ఆగి, బ్యాటరీ లైటు ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి, చప్పట్లు కొట్టి, రెండు నిమిషాలు ఊకె నిలవడాలె. ఆ రెండు నిమిషాలు చాలమంది నిలవడరు, ఆడనే తప్పు జరుగుతది. ఎలుగొడ్డు కదిలితే ఎండుటాకు చప్పుడైతది, పిల్లల కూత ఇనవడుతది. ఏం లేకుంటేనే లోపలికి పోవాలె. గాలి మన ఎనుక నుంచి దాని దిక్కు కొడితే ఇంక మంచిది, వాసన ముందుగాలనే అందుతది.

టైము మాత్రం మార్చుకోవాలె. ఆరున్నరకు ముందు వద్దు.

పాకాల_నీడ
అన్నా, మిగతాయన్ని సరే గని టైము మాట ఇప్పపువ్వు కాడ నడవది. పువ్వు అర్ధరాత్రి నుంచి పొద్దెక్కేదాంక రాలుతది. ఆరున్నరకు పోతే మేకలు, దుప్పులు తిన్నంక మిగిలింది ఏరుకోవాలె. ఒకలు ఆగినా పక్కూరోళ్లు ఆగరు. పొట్ట మీద కొట్టే సలహా ఎవరింటరు?

తాడ్వాయి_తొవ్వ
పాకాల అన్న మాట నిజమే, ఊకె "పోవద్దు" అంటే ఎవరూ ఇనరు. దానికి వల ఉన్నది. తోటలకు కట్టే పచ్చ నీడ వల గాని, పాత చేపల వల గాని చెట్టు కింద నేలకు మూడు ఫీట్ల ఎత్తుల నాలుగు మూలల గుంజలకు కట్టాలె. నడుమ జర జారేటట్టు వదలాలె, పువ్వు అంత ఒక్క కాడికి చేరుతది. మేకలు అందుకోవు, మట్టి అంటుకోదు, ఎండవెట్టినంక రంగు మంచిగుంటది. ఏడింటికి పోయి దులుపుకొని రావచ్చు. గుంజలు గట్టిగ పాతాలె, అటుఇటు ఊగే గుంజ ఉంటే గాలికి పువ్వంత ఒక పక్క కూలుతది.

పాకాల_నీడ
రాత్రి ఎలుగొడ్డు వచ్చి వలల పువ్వే తింటే?

తాడ్వాయి_తొవ్వ
తింటది, ఒకటి రెండు చెట్ల కాడ వల చింపుతది కూడ. అందుకే ఒర్రెకు, గుండ్లకు ఆనుకొని ఉన్న చెట్లను వదిలిపెట్టుండ్రి, ఊరి దిక్కు చెట్లకే వల కట్టుండ్రి. దానికి దగ్గర తిండి దొరికితే చేన్ల దాంక రాదు.

మంచెమీద
ఇంకొకటి. పువ్వు కనవడాలని చెట్టు కింద ఆకు కాలవెడ్తరు. ఆ నిప్పు పొద్దుగాల చిన్నగనే ఉంటది, పదకొండు గంటల వడగాలికి గుట్ట ఎక్కుతది. గుట్ట కాలితే పిల్లల తల్లి ఎటు పోతది? కిందికి, మన చేన్లకు. వల కడితే కాలవెట్టే పనే లేదు. కాలవెట్టక తప్పదనుకుంటే చెట్టు చుట్టు పది ఫీట్ల వెడల్పు ఆకు ఊడ్చి నడుమనే కాల్చి, నీళ్లు చల్లి, చెయ్యి పెట్టి చూసినంకనే కదలాలె.

చిన్నబడి_సారు
"ఎదురుంగ వస్తే ఏం చెయ్యాలె" అన్నదానికి ఎవరూ జవాబు రాయలే. మన అందరికీ చిన్నప్పుడు చెప్పిన కథ ఒకటుంది కదా, ఇద్దరు దోస్తులు, ఒకడు చెట్టెక్కుతడు, ఇంకొకడు చచ్చినట్టు పండుకుంటడు. ఆ కథల సగం తప్పు, సగం ఒప్పు. ఊళ్లల్ల పిల్లలకు ఇది తప్పక చెప్పాలి.

చెట్టెక్కుడు తప్పు. మన ఎలుగొడ్డు తేనె కోసం మద్ది చెట్లు కూడ ఎక్కుతది. ముందరి గోర్లు మూడు అంగుళాల దగ్గర ఉంటయి.

పండుకునుడు ఒప్పే, కాని బోర్లా. కథ బొమ్మలల్ల వాడు ఎల్లకిల పండుకొని ఉంటడు. అట్ల పండుకుంటే మొఖం, కండ్లు దానికి అప్పజెప్పినట్టే. అది నిలవడి మనిషి తల, మొఖం మీదికే వస్తది.

కవ్వాల్_అంచు
సారు చెప్పిన దానికి వరుస రాస్త.

దూరంల, యాభై గజాల మీద కనవడితే: ఆగుండ్రి. ఉరుకొద్దు, మనకన్న అది మస్తు జోరు. మొఖం దాని దిక్కే పెట్టి, మెల్లగ మాట్లాడుకుంట, ఎనుకకు ఎనుకకు జరగాలె. ఆ దూరంల రెండు కాళ్ల మీద నిలవడ్డదంటే కొట్టనీకి కాదు, వాసన పట్టనీకి. తల్లికీ పిల్లలకూ నడుమ, దానికీ గుట్టకూ నడుమ ఎప్పుడు నిలవడొద్దు. దానికి పొయ్యే తొవ్వ ఇడిచిపెట్టాలె.

మీదికి ఉరికి వస్తే: గుంపు చెదరకుండ ఒక్కకాడ దగ్గరికి చేరి గట్టిగ అరవాలె, కట్టెలు నేలకేసి కొట్టాలె. చానసార్లు ఐదారు గజాల కాడ ఆగి ఎనుకకు మళ్లుతది. ఒక్కలు ఉరికిన్రంటే వాళ్ల ఎంబడి పడుతది.

తలిగినంక: బోర్లా పడి, గదువ నేలకు ఆనిచ్చి, రెండు చేతుల వేళ్లు మెడ ఎనుక గట్టిగ అల్లి, మోచేతులు చెవుల పక్కకు తేవాలె. కాళ్లు జర ఎడం చేస్తే అది బోల్తా కొట్టియ్యలేదు. వీపు మీద సద్ది సంచి ఉంటే అట్లనే ఉండనియ్యాలె. అది పోయినంక లేవంగనే చూసుడు కాదు, ఐదు నిమిషాలు అట్లనే ఉండాలె. ఇరవై గజాల కాడ నిలవడి చూస్తుంటది, కదిలితే మల్ల వస్తది.

మక్కచేను
గొడ్డలి పట్టుకపోతే ఏమైతది? మా దిక్కు అందరు పట్టుకనే పోతరు.

కవ్వాల్_అంచు
పట్టుకపోండి, కట్టెలు కొట్టనీకి. ఎలుగొడ్డు బొచ్చు మందం, తోలు ఒదులు, ఒక్క దెబ్బకు పడదు. దెబ్బ తిన్నంక వదలదు. కట్టె చప్పుడు చెయ్యనీకి ఉండాలె, ముందుకు చాచి దూరం పెట్టనీకి ఉండాలె. కుక్కను మాత్రం తీసుకపోవద్దు. అది ముందు ఉరికి ఎలుగొడ్డును లేపుతది, అది తిరగవడంగనే తోక ముడుచుకొని మన కాళ్ల కాడికే వస్తది, ఎంబడి ఎలుగొడ్డు.

గుట్టకిందిఊరు
కుక్క సంగతి ఎవరూ చెప్పలే ఇప్పటిదాంక. మా ఊళ్లె సగం మంది కుక్కల తోనే పోతరు.

కరెంటు_మేస్త్రి
ఇగ తీగ సంగతి. 230 వోల్టుల లైను నుంచి కొక్కెం ఏసి గుంజిన తీగ ఆగకుండ పారుతది. కండరం బిగుసుకపోయి చెయ్యి ఊడదు. రాత్రి మోటరు కాడికి పోయే రైతు, పొద్దుగాల చెంబు పట్టుకపోయే ముసలాయన, ఎడ్లు, అందరికీ అదే గతి. మంచిర్యాల దిక్కు పులులు ఇట్లాంటి తీగలకే సచ్చినయి. అడవి పందికి పెట్టిన అని చెప్పినా నడవది. ఎలుగొడ్డు షెడ్యూల్ ఒకటిల, అంటే చట్టం అన్నిటికన్న ఎక్కువ కాపాడే పట్టీల, ఉన్న జంతువు, 1972 వన్యప్రాణి చట్టం కింద మూడు నుంచి ఏడేండ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమాన. మనిషి సచ్చిండంటే అది ఇంకో కేసు.

కావాల్సింది ఝట్కా మిషను, సోలార్ ఫెన్సింగ్. ఇది ఐదు నుంచి పదివేల వోల్టులు ఇస్తది గని, సెకనుకు ఒక్కసారి, కండ్ల రెప్ప కొట్టేటంత కన్న తక్కువ సేపు. కొట్టి వదిలిపెడ్తది. జంతువు భయపడి పోతది, సావది. కంపెనీ మిషనే కొనాలె, ఊళ్లె చేసిన పెట్టెలు వద్దు.

పని చెయ్యకపోతే నూటికి తొంభై సార్లు తప్పు ఎర్తింగుదే. ఒక్క రాడు పాతి ఊకుంటరు. ఆరు ఫీట్ల జీఐ (జింకు పూసిన ఇనుప) రాడ్లు మూడు, ఒకదానికొకటి పది ఫీట్ల దూరంల, తడి ఉండే కాడ పాతాలె. ఎండకాలం వారానికి రెండుసార్లు బిందెడు నీళ్లు పొయ్యాలె. కింది తీగ నేలకు ఎనిమిది అంగుళాలు, ఆ మీద పద్దెనిమిది, ముప్పై, నలభై రెండు. తీగల కింద గడ్డి మొలిస్తే కరెంటంత గడ్డిలకే పోతది, పదిహేను రోజులకోసారి కొయ్యాలె. ఫెన్సింగ్ టెస్టర్ పెట్టి చేను చివర చూడాలె, మిషను పక్కన కాదు. చివర ఐదువేలకు తగ్గితే ఎలుగొడ్డు బొచ్చు మీద అది పని చెయ్యది. ముక్కుకు తలిగితేనే దానికి బుద్ధి వస్తది, అందుకే తీగలకు అక్కడక్కడ రేకు ముక్కలు వేలాడదీస్తే వాసన చూడవచ్చి తలిగించుకుంటది.

అయితే ఇది చేను చుట్టు. అడవిల ఇప్పచెట్ల చుట్టు ఏ తీగ అయినా తప్పే.

మక్కచేను
మక్క, పల్లికాయ, తర్బూజ మూడింటికీ వస్తది. మక్క పాలు పోసుకునే టైముల మంచె మీద మనిషి ఉండాలె, చేను నడుమ కాదు. పొద్దుమీకినంక మోటరు కాడికి పోకుండ ఫోన్ తోనే మోటరు నడిపే సిమ్ స్టార్టర్ పెట్టుకుంటే సగం గండం తప్పుతది. రాత్రి నడక లేకుంట చేసుకునుడే.

మంచెమీద
గుట్ట మీది గుడి ఉంటే నూనె, కొబ్బరి చిప్పలు రాత్రి లోపల పెట్టి తలుపేసుకోవాలె. దీపం నూనె వాసనకు రావుడు అలవాటైతే ఇంక మానదు. ఊరి చివర చికెన్ కొట్టు చెత్త కూడ అంతే. దానికి ఊరి వాసన రుచి చూపొద్దు.

బాయిగడ్డ
బాయిల పడితే ఏం చెయ్యాలె అన్నది కూడ ఇక్కడనే ఉండనీ. ఎండకాలం నీళ్లకు వచ్చి ఒడ్డు లేని బాయిల పడుడు మన జిల్లాలల్ల మామూలే.

ముందుగాల మోటరు ఫ్యూజు పీకాలె. మనుషులను కనవడనంత దూరం, వంద గజాలు జరపాలె. పైన మనిషి తల కనవడ్డంతసేపు అది ఎక్కది, అలిసిపోయి మునుగుతది. నీళ్లు లోతుంటే నులక మంచానికి నాలుగు మూలల తాళ్లు కట్టి మెల్లగ దింపాలె, దాని మీద ఎక్కి ఆనుకుంటది. తర్వాత పొడుగు వెదురు నిచ్చెన గాని, కొమ్మలున్న దుంగ గాని ఏటవాలుగ పెట్టి, పై చివర చెట్టుకు కట్టి, అందరు ఎళ్లిపోవాలె. చీకటి పడంగనే దానంతట అదే ఎక్కి పోతది. ఫారెస్టోళ్లు వచ్చేదాంక రాళ్లు ఏసేటోళ్లను, వీడియో తీసేటోళ్లను ఆపుడే పెద్ద పని. ఏ దిక్కు నిచ్చెన పెట్టాలె అంటే గుట్ట ఉన్న దిక్కు, జనం ఉన్న దిక్కు కాదు.

బాయికి మూడున్నర ఫీట్ల ఒడ్డు కడితే ఈ పనే రాదు. పిల్లలకు, పశువులకు కూడ అదే కాపాడుతది.

ఓరుగల్లు_డ్రెస్సింగ్
దెబ్బ తలిగినంక మొదటి అరగంట గురించి. రక్తం ధార కడుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకుండ ఒత్తి పట్టాలి. తల తోలు ఊడి వేలాడుతుంటే కొయ్యద్దు, పారెయ్యద్దు. ఎట్లున్నదో అట్లనే మీదికి సర్ది గుడ్డ కట్టాలి, డాక్టర్లు దాన్నే తిరిగి కుడతారు. కన్ను చిట్లితే ఒత్తొద్దు, చిన్న గిన్నె లాంటిది బోర్లించి పట్టీ కట్టండి. నోట్లె రక్తం ఉంటే పక్కకు పండపెట్టాలి, ఎల్లకిల కాదు. 108కు ఫోన్.

రక్తం ఆగినంక సబ్బు పెట్టి, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టద్దు, లోపలి మట్టి కనవడకుండ పోతది. అడవి జంతువు కాటు, గీరు రెండూ మూడో తరగతి గాయాలే. అంటే రేబిస్ టీకా ఒక్కటి చాలదు, గాయంలకే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలయ్యేదాంక కాపాడే మందు) ఎక్కించాలి. టీకా తోలులకు ఇస్తే ఆ రోజు, 3, 7, 28వ రోజు. చేతి కండరానికి ఇస్తే 14వ రోజు కూడ. గాయం మానినట్టు కనవడ్డదని ఏడో రోజు తర్వాత మానేస్తరు, అది చెయ్యద్దు. టీటీ సరే సరి. మొఖం దెబ్బలకు చిన్న దవాఖానల్ల టైము పోనియ్యకుండ వరంగల్ ఎంజీఎం పెద్ద దవాఖానకు తేవాలి.

చీటీ మీద "అడవి జంతువు దాడి" అని రాయించుకోండి. పరిహారానికి అదే ఆధారం.

కవ్వాల్_అంచు
డ్రెస్సింగ్ అక్క చెప్పింది ముఖ్యం. ఆ రోజే బీట్ ఆఫీసరుకు చెప్పాలె, పంచనామా కావాలె, తలిగిన కాడ గుర్తులు తొక్కకుండ కంప అడ్డం పెట్టాలె. మనిషి పోతే ఇప్పుడు 10 లక్షలు, ముందుగాల 5 ఉండె. దవాఖాన చీటీ, పంచనామా లేకుంటే పైలు నడవది.

బోను సంగతి అడిగిండ్రు కదా. షెడ్యూల్ ఒకటి జంతువును పట్టాలంటే సెక్షన్ 11 కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగ ఆర్డరు ఇయ్యాలె. పిల్లల తల్లిని పడితే పిల్లలు ఆగమైతయి. తీస్కపోయి వేరే అడవిల వదిలినా దారి తెల్వక ఊర్లల్ల పడుతది, ఇక్కడ ఖాళీ అయిన గుండ్లల్లకు ఇంకోటి వస్తది. ఫారెస్టోళ్లను అడగాల్సింది వేరే. గుట్ట పైన సాసర్ పిట్, అంటే జంతువులు తాగే పళ్లెం లాంటి నీళ్ల గుంత, పెట్టి ట్యాంకరుతో నీళ్లు పోయమనండి. పైన నీళ్లుంటే ఒర్రెకు దిగుడు తగ్గుతది.

కరీంనగర్_గుండు
కవ్వాల్ అన్న చెప్పిన "ఖాళీ" మా దిక్కు తిరగవడ్డది. గ్రానైటు కోసం గుట్టలను కోసుకుంట పోతే గుండ్ల సందులే పోయినయి, ఎలుగొడ్లు కాలనీలకు వచ్చినయి. మీ గుట్ట ఉన్నంత మంచిది ఇంకోటి లేదు, క్వారీ మాట వస్తే గ్రామసభల అడ్డం నిలవడుండ్రి.

ఇండ్లల్లకు వస్తే: గల్లీ రెండు దిక్కుల మనుషులను ఆపి, ఒక దిక్కు ఇడిచిపెట్టి, పశువులను, పిల్లలను లోపల పెట్టి తలుపేసుకోవాలె. డాబా మీద నుంచి ఈలలు, రాళ్లు వద్దు. బెదిరిన ఎలుగొడ్డు తలుపు తెరిచి ఉన్న ఇంట్లకు దూరుతది.

మక్కచేను
పులి వస్తే ఇవే పద్ధతులా?

కవ్వాల్_అంచు
కాదు. పులి, చిరుత ఎనుక నుంచి, వంగి ఉన్న మనిషి మీదికి వస్తయి. నిలవడాలె, చేతులు పైకెత్తాలె, ఎనుక తిరగొద్దు, పండుకోవద్దు. 2024 నవంబరుల కాగజ్‌నగర్ దిక్కు పత్తి ఏరే ఆడమనిషిని పులి చంపినంక, తల ఎనుక పెట్టుకునే మాస్కులు పంచిన్రు, పది గంటల నుంచి నాలుగింటి దాంకనే చేన్ల పని చెయ్యమన్నరు. ఇప్పపువ్వు ఏరేటోళ్లు కూడ వంగే ఉంటరు, నలుగురు ఏరుతుంటే ఒకలు నిలవడి చూడాలె. ఈ ఒక్కటి రెండిటికీ పనికొస్తది.

పాకాల_నీడ
గుర్తులు పట్టుడు కూడ చెప్పుండ్రి. ఎనుక కాలు అచ్చం మనిషి అడుగు లెక్కనే పడుతది, పిల్లలు తప్పుగ అనుకుంటరు. ముందు కాలు పంజాకు రెండు మూడు అంగుళాల ముందర గోటి గీతలు ఉంటే ఎలుగొడ్డే. చెదపుట్ట పక్కన ఒక ఫీటు బొంద, మట్టి తడిగ ఉంటే రాత్రిదే. పెంటల తునికి గింజలు, చీమల తలకాయలు ఉంటయి. తడి మట్టి కనవడ్డ తొవ్వల ఆ రోజు పోవద్దు, ఇంకో తొవ్వ పట్టుండ్రి.

గుట్టకిందిఊరు
రాత్రి ఊరి కాడ కూసొని మాట్లాడినం. తీగ బందు, బెదిరిస్తే మీద పడుతదని పటాకులు కూడ బందు. ఊరి దిక్కు పద్నాలుగు చెట్లకు వల, ఒర్రె దిక్కు తొమ్మిది చెట్లు వదిలేసినం. ఐదుగురి గుంపులు, ఆరుంబావుకు ఊరి మర్రి కాడ కలిసి పొయ్యేది. కుక్కలను కట్టేసి పోవుడు. సాసర్ పిట్ కోసం బీట్ ఆఫీసరుకు సర్పంచ్ కాగితం ఇచ్చిండు. ఒకటే తేలలే, తునికాకుకు ఏం చెయ్యాలె? అది చెట్టు కాడ కాదు, గుట్టంత తిరగాలె, వల పెట్టెటందుకు లేదు.

తాడ్వాయి_తొవ్వ
తునికాకుకు గుట్టను ముక్కలు చేసుకోవాలె. ఒక రోజు ఒక పక్కనే, అందరు ఒకే వరుసల, మనిషికి మనిషికి పది గజాలు, కింది నుంచి పైకి. పై నుంచి కిందికి వస్తే ఎలుగొడ్డును ఊరి దిక్కు తోలినట్టైతది. గుండ్ల కాడికి ఇరవై గజాల లోపటికి పోవద్దు, ఆడి ఆకు ఎంత లేతగున్నా వదిలెయ్యాలె. యాభై ఆకుల కట్టలు అడవిల కూసొని కట్టొద్దు, మూట తెచ్చి ఇంటి కాడనో కల్లం కాడనో కట్టుండ్రి. వంగి కూసొని తలదించి పని చేసే టైమే ప్రమాదం. తునికి పండు పండిన చెట్టు కనవడితే ఆడ ఆగకుండ చప్పుడు చేసుకుంట దాటాలె.

పాకాల_నీడ
వరుస చివర రెండు దిక్కుల గంట కట్టె ఉండాలె, ఒక్క నడుమనే కాదు. మొన్న చెప్పుడు మరిచిపోయిన.